తొమ్మిదో గుంట పక్క గది

1953 ఆగస్టు 2, ఆదివారం

మేనేజరు కురియన్ గారు ఇవాళ నోటితో మాటిచ్చేరు. తొమ్మిదో గుంట పక్కనున్న రాతిగది నాకిచ్చేస్తారట. హన్నానీ పిల్లనీ తెచ్చుకోవచ్చట. వచ్చే నెల యజమానిగారి కప్పు పోటీ మాట రాకుండా జరిగిపోవాలి. అంతే.

ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నాను. మా మిషను దొరగారు సీమకి వెళ్ళిపోతూ నన్ను ఈ అరవదేశంలో కోటగిరి కొండమీద పనికి ఒప్పజెప్పిన నాడే అడిగేను. "ఇది ఊరు కాదు, దేవదానం. ఒక్క మనిషి తన సొంతానికి చేయించుకున్న గోల్ఫు మైదానం. పనివాళ్ళ సంసారాలు ఇక్కడ కుదరవు," అన్నారు అప్పట్లో మేనేజరుగారు. అదే మనిషి ఇవాళ నవ్వుతూ, "మీ ఆవిడ అరవం నేర్చుకుంటుందా?" అని అడిగేరు. "ఆయ్, నేర్చుకుంటుందండి," అని తెలుగులోనే అనేసేను. ఆయనకి అర్థమైంది.

గదిలో ఇప్పుడు రోలరూ, ఎరువు బస్తాలూ ఉన్నాయి. ఒక మూల కురుస్తుంది. కిటికీ తీస్తే ఎదురుగా పచ్చిక, దాని నడుమ జెండా. మా పాప సువార్త ఊచలు పట్టుకుని నిలబడితే కనపడుతుంది. దానికి చెప్పాలి: ఆ జెండా కింద చిన్న గుంట ఉంటుంది, పెద్దోళ్ళు ఎక్కడో అంత దూరంనుంచి బంతిని కొట్టుకుంటూ వచ్చి అందులో పడేస్తారు, గుంట చుట్టూ తివాచీలా కత్తిరించిన గడ్డిని గ్రీనంటారు, ఆ గడ్డి పెంచేది మీ నాన్నే అని. నవ్వుతుంది. అది నన్ను కొండనాన్న అంటుంది. సెలవుకి వెళ్ళినప్పుడల్లా మొదట నా దగ్గరికే రాదు. వచ్చేక వదలదు.

హన్నాకి కార్డు రాసి పోస్టులో పడేసేను.

ఆగస్టు 9, ఆదివారం

వాన, మంచు. మధ్యాహ్నమే దీపం పెట్టుకున్నాను.

మా వైపు గోదాట్లో ఎర్రనీళ్ళు దిగుంటాయి. పులసల కాలం. ఇక్కడివాళ్ళకి ఎండుచేప వాసనే గిట్టదు. హన్నా వచ్చేక ఆ గదిలో చేపల పులుసు ఎలా కాస్తుందో చూడాలి.

ఆగస్టు 17, సోమవారం

క్లబ్బు రేడియోలో గోదావరి పేరు వినపడింది. కురియన్ గారు నన్ను వరండాలోంచి లోపలికి పిలిచేరు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర చాన్నాళ్ళుగా చూడనంత నీరట. గట్లు తెగుతున్నాయట.

"మీ ప్రాంతమేనా?" అని అడిగేరు.

"మాది బాగా దిగువనండి. రాజోలు తాలూకా. సముద్రం పక్కనే. మా దాకా వచ్చిన నీళ్ళు సముద్రంలోకి పోతాయి," అన్నాను. అన్నాక అదే నిజమనిపించింది.

మా ఇల్లు లంకలో ఉంది.

ఆగస్టు 18

వాన లేదు. రెండో గ్రీను గడ్డి కోయించేను.

ఆగస్టు 20, గురువారం

కురియన్ గారు పేపరు చదివి చెప్పేరు. లంకలన్నీ మునిగేయట. కొన్నిచోట్ల ఊళ్ళ ఆనవాలే లేదట. ఆయన చదువుతూ నావంక చూడకుండా ఉండటానికి పేపరు ఎత్తి పట్టుకున్నారు.

రాజోలుకి తంతి ఇచ్చేను. పోస్టాఫీసు గుమాస్తా, వెళ్తుందో లేదో చెప్పలేమన్నాడు. అక్కడ తీగలే లేవట.

సెలవడిగేను. ఆయన చెడ్డమనిషి కాదు. కుర్చీ చూపించి కూచోమన్నారు. ఎప్పుడూ కూచోమనలేదు. "నిన్ను ఆపను, దేవదానం. కానీ నువ్వు వెళ్తే నీ చోట ఇంకొకణ్ణి పెట్టక తప్పదు. పోటీ దగ్గర పడింది. యజమానిగారు వినరు. ఉద్యోగమూ ఉండదు, గదీ ఉండదు. పోటీ అయిపోనీ. నెలరోజులు సెలవు నేనే రాసిస్తాను."

ఆలోచిస్తే ఆయన చెప్పింది సబబే. నేను వెళ్ళి నీళ్ళని ఆపుతానా? ఇల్లు పోయుంటే వాళ్ళని ఎక్కడ పెట్టుకుంటాను? ఈ గదిలోనే కదా. ఈ గది నిలుపుకోవడం వాళ్ళకోసమే. హన్నా తెలివైంది. మిషను బళ్ళో చదివింది. ముందే గట్టెక్కేసి ఉంటుంది.

ఆగస్టు 23, ఆదివారం

ఆరాధన అయ్యేక పాపాయమ్మ పిన్ని దగ్గర కూచున్నాను. ఆవిడది నర్సాపురం. మిషను వాళ్ళ విడిదింట్లో ఆయా. ఈ కొండమీద నాతో తెలుగు మాట్లాడే మనిషి ఆవిడొక్కత్తే. నర్సాపురం మిషను ఆసుపత్రినుంచి ఎవరో నర్సు రాబోతోందట, అడుగుతానంది.

"నువ్వింకా ఇక్కడెందుకున్నావు?" అని అడిగింది.

చెప్పేను.

"గదికోసమా?" అంది. తరవాత కాఫీ ఇచ్చింది.

ఆగస్టు 26

ఉత్తరం లేదు. నాలుగో గుంట జెండా గుడ్డ మార్పించేను.

ఆగస్టు 27

లేదు.

ఆగస్టు 30, ఆదివారం

బతికే ఉన్నారు! ఇద్దరూ!

నర్సు వచ్చింది. మందుల పడవలో మా లంక ఎదట ఏటిగట్టుకి వెళ్ళేరట. మా పేటవాళ్ళంతా గట్టుమీదే పాకలేసుకున్నారట. మిషను బళ్ళో చదివిన హన్నా అని ఒకావిడ మందులు పంచడానికి సాయం చేసిందట, పక్కన ఆరేళ్ళ పిల్ల కొంగు పట్టుకుని తిరుగుతోందట. ఇంకెవరు? వాళ్ళే.

పచ్చికలో మోకాళ్ళమీద పడి ప్రార్థన చేసేను. గడ్డి తడి ఒంటికంటుకుంది. ఇంత బరువు నా గుండెలో ఉందని దిగేదాకా తెలీలేదు.

పిన్ని మాత్రం, "రేపు పొద్దున్న బస్సుంది," అంది.

"బతికే ఉన్నారు కదా పిన్నీ. ఇంక కాస్త ఆగితే గది కూడా చేతికొస్తుంది. నేరుగా తెచ్చేసుకుంటాను."

"ఆడమనిషి పిల్లని పెట్టుకుని గట్టుమీదుందిరా."

"గట్టుమీదుంది కదా. నీళ్ళలో లేదు కదా."

పెద్దావిడ. ఆవిడకి ఉద్యోగాల సంగతి తెలీదు.

సెప్టెంబరు 3

గదిలోంచి బస్తాలు తీయించేసేను. కురిసే మూల పెంకు మార్పించేను. సున్నం వేయించేను. కిటికీ ఎత్తుగా ఉంది, సువార్తకి అందదు. కింద రాయి వేయించాలి.

సెప్టెంబరు 8, మంగళవారం

పిన్ని కొండెక్కి ఇక్కడిదాకా వచ్చింది. ఆయాసపడుతూ ఆరో గుంట దగ్గర నిలబడి కేకేసింది. గట్లమీద జబ్బులు మొదలయ్యేయట. వాంతులు, విరేచనాలు. నర్సుని వెనక్కి పిలిపించేరట.

"హన్నా నీళ్ళు కాచుకుంటుంది పిన్నీ. తనకి అన్నీ తెలుసు," అన్నాను.

"తనకి తెలుసు. నీకే తెలీదు," అంది.

సాయంత్రం కురియన్ గారిని అడుగుదామని క్లబ్బు మెట్లదాకా వెళ్ళేను. అతిథుల పరుపులు దింపుతున్నారు. కంగారుగా ఉన్నారు ఆయన. వచ్చేసేను. శనివారమే కదా పోటీ.

సెప్టెంబరు 12, శనివారం

అయిపోయింది. చినుకు పడలేదు. యజమానిగారు స్వయంగా నన్ను పిలిపించి తాళంచెవి ఇచ్చేరు. రేపు బయల్దేరతాను.

సెప్టెంబరు 17, గురువారం. ఏటిగట్టు

రాయాలి. రాస్తే తప్ప ఇది జరిగిందని నాకు తెలియడం లేదు.

రైలు నిడదవోలులో ఆపేసేరు. అక్కణ్ణుంచి బస్సులో నర్సాపురం, రేవు దాటి సఖినేటిపల్లి, ఆపైన గట్టెక్కి నడక. కొబ్బరిచెట్లు నిలబడే ఉన్నాయి. మట్టల్లో చీరలు, గడ్డి, ఒక మంచంకోడు. వరిచేలమీద ఇసక.

గట్టుమీద సత్తిరాజు గారు ఎదురయ్యేరు. మా పేటవాళ్ళు పని చేసేది ఆయన తోటలోనే. నన్ను చూసి ఆగేరు.

"దేవదానమేనా?"

"ఆయ్, నేనేనండి."

"ఇప్పుడొస్తున్నావా?"

"సెలవు దొరకలేదండి."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, మళ్ళీ వేసుకున్నారు. "ఆ తాడిచెట్ల దగ్గరున్నారు మీవాళ్ళు. వెళ్ళు," అన్నారు. నాలుగడుగులు వేసేక వెనకనుంచి, "గట్టిదయ్యా మీ ఆవిడ. వరదలో మా పశువుల కొట్టం దూలమెక్కి పిల్లనెత్తుకు కూచుంది, నీళ్ళు తీసేదాకా," అన్నారు. పక్కనే మీ డాబా ఉంది కదండీ అని నేనడగలేదు. ఆయనా చెప్పలేదు.

హన్నా పాక బయట గిన్నె తోముతోంది. నన్ను చూసింది. లేచి చేతులు కడుక్కుంది. "వచ్చేవా," అంది.

పాకలోకి తొంగి చూసేను. చాప చుట్టి ఉంది.

"పాపేది?"

ముందు నడిచింది. వెనకాల నడిచేను. గట్టు లోపలివైపు వాలులో మట్టి దిబ్బ. చిన్నది. పశువులు తొక్కకుండా చుట్టూ మట్టలు పాతి ఉన్నాయి.

"మన సమాధుల దొడ్డి నీళ్ళలోనే ఉంది. అందుకని ఇక్కడ," అంది.

"ఎప్పుడు?"

"పోయిన వారం బుధవారం. తెల్లారగట్ల పట్టుకుంది. పొద్దుగూకేసరికి అయిపోయింది."

నేను కూచుండిపోయేను. తను నిలబడే చెప్పింది. ఎవరికో చెప్పి చెప్పి అలవాటైపోయినట్టు చెప్పింది.

"నీళ్ళు కాచే ఇచ్చేనయ్యా. అన్ని రోజులూ కాచే ఇచ్చేను. సోమవారం పెద్ద వాన. పుల్లలు లేవు. అడిగితే ఎవరి దగ్గరా లేవు. దాహం, దాహం అంది. ఒక్క గ్లాసు."

"హన్నా..."

"రోజూ అడిగేది, కొండనాన్న ఎప్పుడొస్తాడని. రేపన్నాను. నీ కార్డు వరదకి ముందే అందింది. గదుందంట, కిటికీ ఉందంట అని అందరికీ చెప్పేది. నాన్న గది తాళం పెట్టుకుని వస్తున్నాడనేది. రోజూ రేపనే చెప్పేను. రోజూ నమ్మింది."

తాళంచెవి నా జేబులో ఉంది. తీయలేదు.

ఆ బుధవారం ఏం రాసుకున్నానో ఇప్పుడు వెనక్కి తిప్పి చూసేను. ఏమీ రాయలేదు. ఏం చేసేనో మాత్రం గుర్తుంది. ఏడో గుంట చుట్టూ కలుపు తీయించేను. దగ్గరుండి తీయించేను.

సెప్టెంబరు 18

సువార్త.

సెప్టెంబరు 24

హన్నా ఒక్కమాట అనదు. తిట్టదు. అన్నం పెడుతుంది. పేటలో మగవాళ్ళు వచ్చి నా పక్కన కూచుని చుట్ట కాలుస్తారు, లేచిపోతారు. తిడితే బాగుండును.

అక్టోబరు 1, గురువారం

ఆంధ్ర రాష్ట్రం వచ్చిందట. రాజోలు వైపునుంచి బాజాలు వినపడుతున్నాయి. గట్టుమీద కూడా ఎవరో వచ్చి పిల్లలకి పిప్పరమెంటు బిళ్ళలు పంచేరు. హన్నా చేతిలోనూ ఒకటి పెట్టేరు. దాన్ని పట్టుకుని దిబ్బ దాకా వెళ్ళి, ఉత్తచేతులతో వచ్చింది.

"నాతో వచ్చెయ్," అన్నాను. "ఇక్కడ ఏముంది?"

దిబ్బ వైపు చూసింది. "సరే. ఎక్కడైతే ఏముంది," అంది.

అక్టోబరు 7, బుధవారం. కోటగిరి

చేరేం. కొండ ఎక్కుతుంటే బస్సులో వాంతి చేసుకుంది. నా భయం చూసి, "బస్సు పడలేదంతే," అని తనే నాకు ధైర్యం చెప్పింది.

తాళం తీసేను. గది మధ్యలో నిలబడింది. సున్నం వాసన ఇంకా ఉంది. కిటికీ కింద రాయి చూసి, "ఇదెందుకు?" అంది. నేను మూట దింపేను. ఆ రాయిమీద నీళ్ళబిందె పెట్టింది.

అక్టోబరు 13

చలికి వణుకుతోంది. పిన్ని కంబళి పంపింది. హన్నా గది దాటి బయటికి రాదు.

అక్టోబరు 18, ఆదివారం

ఇవాళ బయటికొచ్చింది. ఎండ కాసింది. మంచు విడిపోయి మైదానమంతా ఒక్కసారి కనపడింది. కొండ నెత్తిని చదును చేసిన నేల, ఈ చివరినుంచి ఆ చివరికి పచ్చగా. హన్నా చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని అంతా చూసింది.

"ఇక్కడెవరుంటారు?"

"ఎవరూ ఉండరు."

"ఇంత మెరక మీదా?"

"బంతాడుకుంటారు."

"రోజూనా?"

"యజమానిగారు వచ్చినప్పుడు. ఏడాదికి కొన్నిసార్లు."

కాలితో నేల నొక్కి చూసింది. "ఇక్కడికి నీళ్ళు రావు కదూ?"

"రావు."

"మన పేట మొత్తం ఆ జెండా చుట్టూ సరిపోతుంది," అంది. కోపంగా అనలేదు. చీర కొలత చూస్తున్నట్టు అంది. "మనుషులు, మేకలు, పాకలు, అన్నీ. ఇంకా చోటు మిగుల్తుంది."

రోలరు దగ్గరికి వెళ్ళిపోయేను.

అక్టోబరు 27

రోజూ వెళ్ళి తొమ్మిదో గ్రీను మీద కూచుంటోంది. జెండా పక్కనే. ఊరికే కూచుంటుంది. చేత్తో గడ్డి నిమురుతుంది.

కురియన్ గారు చూసేరు. నన్ను పక్కకి పిలిచి, నెమ్మదిగానే చెప్పేరు. "నాకు జాలే, దేవదానం. యజమానిగారు చూస్తే మాత్రం నా చేతిలో ఉండదు. లేవమని చెప్పు."

వెళ్ళి చెప్పేను. "హన్నా, ఇక్కడ కూచోకూడదంట."

లేచింది. చీరకంటిన గడ్డిపరకలు దులుపుకుంది. "నువ్వు చెప్పేవా, ఆయన చెప్పమన్నారా?" అంది.

"ఆయనే."

"మరి నువ్వేం చెప్పేవు?"

నేనేమీ చెప్పలేదని తనకి తెలుసు.

నవంబరు 8, ఆదివారం

ఆరాధనలో పిన్ని కబురు చెప్పింది. మా వైపు ఏటిగట్టు ఎత్తు చేయిస్తున్నారట. లోపలి వాలంతా తవ్వి ఆ మట్టే పైకి పోస్తున్నారట.

హన్నా నా వైపు చూడలేదు. ఇంటికొచ్చి చీరలు మడత పెట్టింది. రెండే చీరలు.

"పలుగు పడకముందు నేనక్కడుండాలి," అంది. "సత్తిరాజు గారి కాళ్ళు పట్టుకుంటాను. కంట్రాక్టరు కాళ్ళు పట్టుకుంటాను. ఆ నాలుగడుగులూ వదిలెయ్యమంటాను."

"వదలకపోతే?"

"నేనే తీసి ఇంకోచోట పెట్టుకుంటాను. మేస్త్రీ తీస్తే విసిరేస్తాడు."

"ఒక్క వారం ఆగు. నేను సెలవడిగి..." అన్నాను.

తను మూట ముడేసింది.

నవంబరు 10, మంగళవారం

మేట్టుపాళయం వెళ్ళి రైలెక్కించేను. పిన్నికి తెలిసినవాళ్ళు మద్రాసులో దిగుతారు, నర్సాపురం వైపు బండి ఎక్కిస్తామన్నారు. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ దగ్గర కూచుంది. నేను కింద ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను.

"డబ్బు పంపుతాను," అన్నాను.

తల ఊపింది.

"నేనూ వచ్చేస్తాను. ఇక్కడ పని ఒక దారికి తెచ్చి."

"ఎప్పుడొస్తావని అడిగితే ఏం చెప్పను?" అంది.

ఎవరు అడిగితే అని నేనడగలేదు. అడగక్కర్లేదు.

"క్రిస్మసుకి. క్రిస్మసుకి వస్తున్నానని చెప్పు."

"అలాగే చెప్తాను," అంది. బండి కదిలింది. చెయ్యి ఊపలేదు. కిటికీలోంచి నన్ను చూస్తూనే ఉంది, నిష్ఠూరం లేకుండా. అప్పుడనిపించింది, తను నన్ను నమ్మడం మానేసి చాలా కాలమైందనీ, నేను చెప్పినవి చెప్పడం మాత్రం మానలేదనీ.

నవంబరు 22

కురియన్ గారు గది ఉంచుకోమన్నారు. ఒక్కణ్ణే అయినా ఫరవాలేదన్నారు. ఉంచుకున్నాను.

డిశంబరు 6, ఆదివారం

ఆరాధనకి వెళ్ళలేదు. పిన్నికి ఎదురుపడటం ఇష్టం లేదు.

గట్టు తలుచుకుంటే నాకు కాళ్ళాడవు. ఇక్కడ పొద్దున్నే లేచి గడ్డిమీద మంచు దులిపిస్తూ నడుస్తుంటే ఆడతాయి. ఎందుకో తెలీదు. వెళ్తాను. వెళ్ళకుండా ఎలా ఉంటాను? సెలవు చీటీ రాసి పెట్టుకున్నాను. ఇవ్వడమే తరవాయి.

డిశంబరు 15, మంగళవారం

హన్నానుంచి కబురు, నర్సు ద్వారా. గట్టు పని తాళ్ళ దగ్గరికి వచ్చేసిందట. కంట్రాక్టరు ఒప్పుకోలేదట. హన్నా తనే తవ్వుకుని, గుడ్డలో చుట్టుకుని, నీళ్ళు తీసిన సమాధుల దొడ్డిలో పెట్టుకుందట. పక్కన మగతోడు లేదట. పాదిరిగారికి వీలు పడకపోతే ప్రార్థన కూడా తనే చెప్పుకుందట.

పేటవాళ్ళకి మాత్రం, సువార్త నాన్న క్రిస్మసుకి వస్తున్నాడని చెప్పిందట.

డిశంబరు 19, శనివారం

సెలవు చీటీ పట్టుకుని క్లబ్బుకి వెళ్ళేను. నేను నోరు విప్పకముందే కురియన్ గారు చెప్పేరు. ఈసారి క్రిస్మసు పండగనాడు పోటీ పెట్టేరట. మద్రాసునుంచి పెద్దవాళ్ళు వస్తున్నారట. "నువ్వు లేకపోతే కుదరదు, దేవదానం," అన్నారు.

చీటీ జేబులోనే ఉంది. పోటీ అవగానే బయల్దేరితే కొత్త సంవత్సరానికి అక్కడుంటాను. అదీ పండగే. అప్పటికి నేలా ఆరుతుంది. పిల్లకి మంచి రాయి ఒకటి చెక్కించి పట్టుకెళ్ళొచ్చు. ఉత్తచేతులతో వెళ్ళేకంటే అదే నయం. హన్నా అర్థం చేసుకుంటుంది.

డిశంబరు 25, శుక్రవారం

ఎండ బాగా కాసింది. చాలామంది వచ్చేరు. గ్రీనులు బాగున్నాయని అందరూ అన్నారు.